తోడు ముక్క

అపూర్వా, ఆ ఫోను పక్కన పెట్టి ఇలా వచ్చి నా మంచం మీద కూర్చో. ఇంకొంచెం దగ్గరికి జరుగు. ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు. వంటింట్లో మీ అమ్మ ఉంది, చెవిన పడిందంటే "మళ్ళీ ఆ గొడవెందుకత్తయ్యా" అంటుంది. అదంతా జరిగినప్పుడు నువ్వు మైలవరంలో హాస్టల్లో ఉన్నావు. నువ్వు ఫోను చేసినప్పుడల్లా "అందరం బాగున్నామే" అని చెప్పేవాళ్ళం. ఏం బాగున్నాం! ఈ ఇంట్లో ఒకరి పళ్ళెం వంక ఒకరు దొంగచూపులు చూసుకున్న రోజులవి.

మీ తాతయ్యకి కొట్లో పై అరలోంచి చీరలు దింపుతుంటే ఆయాసం వస్తోందని, మీ నాన్న దుర్గాశంకర్ ఆయన్ని బలవంతంగా బెంజ్ సర్కిల్ దగ్గరున్న డాక్టరమ్మకి చూపించాడు. ఎలిజబెత్ గారని, మనిషి పొట్టిగా, ఎప్పుడూ నవ్వుమొహంతో ఉంటుంది. నేనూ మీ అమ్మా కూడా వెళ్ళాం. గుండెకి ప్రస్తుతం ఏమీ లేదంది గానీ, రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్ ఉండవలసిన దానికన్నా బాగా ఎక్కువుందని చెప్పి, బిళ్ళలు రాయడానికి కలం తీసింది. మీ తాతయ్య బల్ల మీద చెయ్యి అడ్డం పెట్టేశారు.

"బిళ్ళలొద్దు డాక్టరు గారూ. ఒకసారి మొదలెడితే పోయేదాకా మింగాల్సిందేనంట గదా. మా వాట్సాప్‌లో అందరూ అదే అంటున్నారు. తిండితోటీ, ఆకులతోటీ తగ్గే దారి చెప్పండి."

"మీ వాట్సాప్‌లో అంతమంది డాక్టర్లుంటే నా దగ్గరికెందుకొచ్చారండీ?" అని ఆవిడ నవ్వింది. మళ్ళీ మొహం గంభీరంగా పెట్టి చెప్పింది. "సరే, మూడు నెలలు చూద్దాం. కానీ నిజాయితీగా చెయ్యాలి. నెయ్యి, వేపుళ్ళు, బజ్జీలు, బేకరీ సరుకు మానాలి. ఓట్సు, జొన్నలు, పప్పులు, ఆకుకూరలు, జామకాయల్లాంటివి తినాలి. రోజూ నడవాలి. అప్పటికీ తగ్గకపోతే బిళ్ళ వేసుకోవాల్సిందే. అప్పుడు మీ వాట్సాప్ మాట నేను వినను."

మీ తాతయ్య ఒప్పుకునేలోపే మీ అమ్మ ముందుకొచ్చింది.

"మావయ్యగారి తిండి నేను చూసుకుంటానండీ. దానికి పూచీ నాది."

ఆటో ఎక్కాక దాని చెయ్యి గిల్లాను. "అంత మాటెందుకిచ్చావే రాజ్యశ్రీ? నోరు ఆయనదైతే పూచీ నీదా?" అన్నాను. అది నవ్వేసింది.

మర్నాటి నుంచి మన వంటింటి వాసనే మారిపోయింది. వేపుళ్ళ మూకుడు అటకెక్కింది. తెల్లారేసరికి మెంతులు నానిన నీళ్ళు గ్లాసులో సిద్ధం. అవిసె గింజలు దోరగా వేయించి వెల్లుల్లితో పొడి కొట్టింది మీ అమ్మ. దొండకాయలు ఆవిరి మీద ఉడికేవి, మునగాకు పప్పులోకి పోయేది, పోపుకి నూనె చెంచాతో కొలిచేది. ప్యాకెట్ నూనె మానేసి గానుగ నూనె తెప్పించింది. అదైనా సరే, మంచిది గదా అని ఒంపేస్తే అదీ కొవ్వేనని డాక్టరమ్మ చెప్పిందట. ఆయనకొకటి, మనకొకటి వండితే ఆయన మనసు లాగుతుందని ఇంటిల్లిపాదికీ ఒకటే వంట. ఓట్సుతో ఉప్మా చేసిన రోజున మీ నాన్న గరిటె పైకెత్తి చూసి, "రాజ్యశ్రీ, ఇది ఉప్మానా, గోడకి పూసే సిమెంటా?" అన్నాడు. "తిన్నాక గోడలా గట్టిగా ఉంటారు లెండి," అంది మీ అమ్మ.

మీ తాతయ్య మాత్రం కిక్కురుమనకుండా తిన్నారు. అదే నాకు నచ్చలేదు. బెండకాయ వేపుడు కరకరలాడకపోతే పళ్ళెం నెట్టేసే మనిషి, ఉడకేసిన చిక్కుళ్ళు తిని చెయ్యి కడుక్కుని, "బాగుందమ్మాయ్" అని లేచిపోతుంటే ఎలా నమ్మను? ఇంత బుద్ధి ఈయనకెప్పుడొచ్చింది? బయట ఎక్కడో తింటున్నాడీయన, ఖాయం అనుకున్నాను.

కొట్టు నుంచి రాగానే చొక్కా అందుకుని వాసన చూసేదాన్ని. కొత్త చీరల గంజి వాసన, సాంబ్రాణి వాసన తప్ప మరోటి తగిలేది కాదు. చేతులు పట్టుకుని చూస్తే సబ్బు వాసన. "ఏంటే, ఈ వయసులో చేతులు పట్టుకుంటున్నావు?" అని నవ్వేవారు. ఒకరోజు పొద్దున ఆయన కాలువ గట్టు మీద నడకకి వెళ్తుంటే, పాల ప్యాకెట్ వంకతో నేనూ వెనకాలే నడిచాను. గట్టు చివర పునుగుల బండి ఉంది చూడు, అక్కడ పట్టుకుందామని నా ఆశ. పరాయి ఆడవాళ్ళు ఎదురైనట్టు తలొంచుకుని బండి దాటేశారాయన. అవతల బూడిద గుమ్మడికాయ రసం అమ్మేవాడి దగ్గర నిలబడి, ముక్కు మూసుకుని గడగడా తాగి, వికారంగా మొహం పెట్టి ముందుకెళ్ళిపోయారు. నేను వేరే సందులోంచి ఇంటికొచ్చేశాను. తప్పు దొరకలేదని సంతోషించాలి గదా? నా అనుమానం తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది.

మూడు నెలలయ్యాక మళ్ళీ రక్తం తీశారు. డాక్టరమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది.

"రావుగారూ, ఇది తగ్గలేదు సరిగదా, పెరిగింది. బయటేమన్నా తింటున్నారా?"

"కొండమీద అమ్మవారి మీద ఒట్టు," అని మీ తాతయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. "ఇంట్లో పెట్టింది తప్ప నా నోట్లో ఒక్క మెతుకు పడలేదు. నమ్మకపోతే ఇదిగో, నా భార్యనడగండి."

నేనేం చెప్పను? వెనకాల నడిచొచ్చిన దాన్ని. "నేను చూసినంతలో తినలేదండీ," అన్నాను.

"కొంతమందికి తిండెంత బాగున్నా ఒంట్లోనే ఎక్కువ తయారవుతుంది. అందుకే బిళ్ళలున్నాయి. ఇంక వాయిదాల్లేవు, మొదలెట్టండి," అని రాసిచ్చింది. ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు గానీ, మందుల కొట్టు మెట్లు ఎక్కలేదు.

ఇంటికొచ్చేసరికి ఉయ్యూరు నుంచి మీ తాతయ్య అక్క ఆదెమ్మ వదిన వచ్చి ఉంది. కొడుకు గృహప్రవేశం పెట్టుకుని, పట్టుచీరలు తీసుకోవడానికొచ్చి, కొన్నాళ్ళు ఇక్కడే మకాం వేసింది. ఆవిడ సంగతి నీకు తెలుసుగా. ఎవరింట్లో అయినా మంచినీళ్ళిస్తే ముందు గ్లాసు అడుగు చూసి గానీ తాగదు. పరీక్ష సంగతి విని, ముక్కు మీద వేలేసుకుంది.

"తిన్లేదంటన్నాడు. అమ్మవారి మీద ఒట్టేశాడు. నా తమ్ముడు అమ్మవారి మీద ఒట్టేసి అబద్ధమాడే రకం కాదు. మరా కొవ్వు ఎక్కణ్ణించొచ్చినట్టు, గాల్లోంచా?"

"ఒంట్లోనే తయారవుతుందన్నారు పెద్దమ్మగారూ, డాక్టరు గారు," అంది మీ అమ్మ.

"ఒంట్లో దానంతటది తయారవుద్దా? ఏదో ఒకటి లోపలికి పోతేనేగా!" అని వదిన వంటింటి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు చాలు.

మీ తాతయ్యకి ఆ రోజు నుంచి లోకమంతా కల్తీగా కనపడింది. ముందు రక్తం తీసిన పిల్ల మీద పడ్డారు, వేరేవాళ్ళ సీసాతో కలిపేసిందని. తర్వాత గానుగవాడి మీద, పామాయిలు పోస్తున్నాడని. కొత్త గానుగ వెతికి తనే డబ్బా మోసుకొచ్చారు. అక్కడితో ఆగితే బాగుండేది. నేతవాళ్ళింట్లో పుట్టిన మనిషి గదా, ఒకరోజు ఎర్ర నూలు పోగు తెచ్చి, నూనె ఎంతవరకుందో సరిగ్గా అక్కడ సీసా చుట్టూ చుట్టి ముడేశారు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వంటింట్లోకి తొంగిచూసి పోగు ఎక్కడుందో, నూనె ఎక్కడుందో చూసుకోవడం. మీ అమ్మ చూసింది. ఆ రోజంతా ఒక్క చుక్క వాడకుండా వండింది. సాయంత్రం ఆయన వచ్చి చూస్తే నూనె పోగుతో సమానంగా అక్కడే ఉంది. ఆయన దానికీ అనుమానపడ్డారు. "మరి దేంతో వండినట్టు?" అని నన్ను పక్కకి పిలిచి అడిగారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పప్పు గిన్నె మూత తీసి వంగి వాసన చూసేవారు.

"నెయ్యి వాసనొస్తోందే?"

"ఇంగువండీ మావయ్యగారూ."

"ఇంగువ ఇలా ఉంటదా?"

"డబ్బా తెచ్చి చూపించమంటారా?"

తెచ్చి చూపించింది. ఆయన ఇంగువ వాసన చూశారు, పప్పు వాసన చూశారు, మళ్ళీ ఇంగువ వాసన చూశారు. నీ దగ్గర దాచడమెందుకు, నాకూ ఒక క్షణం అనిపించింది, ఈ అమ్మాయి ఆయన మీద జాలిపడి ఒక చెంచా వేస్తోందేమోనని. వెనక అరలో చిన్న నేతి గిన్నె కనపడితే గబుక్కున మూత తీశాను. అందులో దీపానికి వేసే వత్తులు నానుతున్నాయి.

ఒక ఆదివారం అందరూ తింటుండగా మీ తాతయ్య పళ్ళెంలో చెయ్యి ఆపేసి, అక్క వైపు తిరిగి అనేశారు.

"నేను తిన్లేదు. గానుగ మారింది. రక్తపరీక్ష చేసే చోటూ మార్చాను, అక్కడా ఎక్కువే వచ్చింది. ఇంక మిగిలింది ఇల్లే. ఇంట్లోనే ఎవరో కలుపుతున్నారక్కా."

మీ నాన్న "నాన్నా!" అన్నాడు. వదిన మాత్రం తల ఊపింది, ఇన్నాళ్ళకి చెప్పావు అన్నట్టు.

మీ అమ్మ చేతిలో మజ్జిగ గరిటె ఉంది. దాన్ని గిన్నెలో పెట్టి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చి నిలబడింది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"మావయ్యగారూ, రేపటి నుంచి మీ పళ్ళెంలో నా చేతి మెతుకు పడదు. అలిగి పుట్టింటికి పోతాననుకోకండి. ఇక్కడే ఉంటాను, అందరికీ వండుతాను. మీకు మాత్రం ఎవరి మీద నమ్మకముంటే వాళ్ళచేత వండించుకోండి."

అంతే. నాకు తెలుసు, ఆ మాట నిలబెట్టుకునే పిల్ల. ఆయన అనారోగ్యం కన్నా అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఈ ఇంట్లో తన చేతి కూడు తిని ఎవరూ మూతి విరవలేదు. అలాంటి చేతికి దొంగ చెయ్యి అని పేరొస్తే, ఆ పేరు దాని బతుకంతా దాంతోనే ఉంటుంది. సాయంత్రానికి వదిన వరండాలో కూర్చుని ఉయ్యూరికి ఫోను చేస్తూ, "కోడలే నెయ్యి పోస్తందంటమ్మా, ఎందుకో ఏమో, ఆ దేవుడికే తెలియాలి," అంటుంటే నా చెవులతో విన్నాను.

మర్నాడు ఆయన వంట నేనే చేశాను. క్యారేజీ పట్టుకుని నేనే వన్‌టౌన్‌లో మన కొట్టుకి బయల్దేరాను. కొట్టుకి వెళ్ళడం నాకలవాటు లేదు, పండగకి పూజ చేసినప్పుడు తప్ప. ఆయన కంట పడకుండా ఆయన్ని చూడాలని నా ఆలోచన. గుమాస్తా చేత పక్క గుమ్మం తీయించుకుని, వెనక మంగళగిరి చీరల కట్టల చాటున స్టూలు వేసుకుని కూర్చున్నాను. కట్టల సందులోంచి ముందు గది మొత్తం కనపడుతుంది. తెల్ల దుప్పటి పరిచిన పరుపులు, దిండ్లు, మధ్యలో మీ తాతయ్య.

మొదట మైలవరం నుంచి బాలశౌరి, ఆయన భార్య తెరేసమ్మ వచ్చారు. వాళ్ళకక్కడ చిన్న బట్టల కొట్టుంది. ఈస్టరుకి తెల్లచీరలు కావాలి. కూర్చోగానే మీ తాతయ్య గుమాస్తాకి కనుసైగ చేశారు. సందు మొగలో నుంచి ప్లేటు నిండా మిరపకాయ బజ్జీలు పొగలు కక్కుతూ వచ్చాయి.

"అయ్యో, ఇప్పుడెందుకండీ, తినే వచ్చాం," అంది తెరేసమ్మ.

"అలాగంటే ఎలాగమ్మా, బస్సులో పడి వచ్చారు," అంటూ మీ తాతయ్య ఒక బజ్జీ తుంచి, సగం తన నోట్లో వేసుకుని, ప్లేటు వాళ్ళ వైపు జరిపారు. వాళ్ళు అప్పుడు తీసుకున్నారు. వాళ్ళు రెండోది తీస్తే ఈయన రెండో ముక్క. లేచి, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు చీర విప్పారు. జిడ్డు మరక పడితే చీర పోయినట్టే గదా.

అదే తోడు ముక్క. మా మావగారి నాటి నుంచీ ఉన్న పద్ధతి. అప్పట్లో పల్లెల నుంచి తెల్లారుజామున బయల్దేరి వచ్చిన బేరగాళ్ళు మొహమాటంతో ముట్టుకునేవాళ్ళు కాదు. పైగా, తినిపించి రేటు పెంచుతాడేమోనని లోపల ఒక బెరుకు. అందుకని కొట్టు యజమాని ముందు తను ముక్క తుంచుకుని అదే ప్లేటు ముందుకు నెడతాడు. ఒకే ప్లేట్లో తిన్నాక ఇంక మోసం ఉండదని లెక్క. యజమాని తినకపోతే వచ్చినవాడు లేచిపోతాడు.

వాళ్ళు వెళ్ళాక గుడివాడ వైపు నుంచి ఇంకొకరు. ఆయనకి కాజాలు. ఆయనతో తోడు ముక్క. తర్వాత ఒక పెళ్ళివారు, వాళ్ళకి జీడిపప్పు పకోడీ, బాదం పాలు. తోడు ముక్క, తోడు గుక్క. నేను కట్టల వెనక కూర్చుని చూస్తున్నాను. మీ నాన్న కొట్లోనే ఉంటాడు గదా, వాడు చూడలేదా అంటావేమో. రోజూ చూశాడు. అసలు తనూ తిన్నాడు. మీ నాన్నకీ అది తిండిలా కనపడలేదు.

పెళ్ళివారు లేచాక క్యారేజీ పట్టుకుని ఇవతలికొచ్చాను.

"నువ్వా! ఎప్పుడొచ్చావే?"

"ఇప్పుడే. అన్నం తినండి."

"ఎందుకో ఈ మధ్య మధ్యాహ్నం ఆకలుండటం లేదు."

"పొద్దుట్నుంచి ఏం తిన్నారు?"

"ఏం తిన్నాను? నీ మెంతినీళ్ళు, ఆ జొన్నరొట్టె. ఇంకేం తిన్లేదు. కావాలంటే అమ్మవారి మీద—"

నెత్తి మీదికి పోతున్న చెయ్యి పట్టుకున్నాను. పెళ్ళివారు లేచేముందు ఆఖరి ముక్క తుంచిన చెయ్యి, ఇంకా కడుక్కోలేదు. వేళ్ళు నూనెతో మెరుస్తున్నాయి.

"ఇదేంటి?"

ఆయన తన వేళ్ళ వంక చూసుకున్నారు. నిజంగా అర్థం కానట్టు చూసుకున్నారే.

"ఇదా? ఇది బేరమే."

"నోట్లో వేసుకున్నారా లేదా?"

"వేసుకున్నాను. వేసుకోకపోతే వాళ్ళు తింటారా? అది మర్యాదే చౌడేశ్వరీ, తిండేంటి దాన్ని పట్టుకుని?"

"గొంతు దిగాక మర్యాద ఏమవుతుందండీ?"

గుమాస్తా అటు తిరిగి దగ్గాడు. మీ నాన్న చేతిలో చీర మడత పెట్టడం ఆగిపోయింది. మీ తాతయ్య పరుపు మీద చతికిలపడ్డారు. నెమ్మదిగా వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం మొదలెట్టారు. బాలశౌరి బజ్జీలు, కాజాలు, పకోడీ... నిన్న, మొన్న, సీజనంతా. ఆ వేళ్ళు ఒకచోట ఆగిపోయాయి. నా వంక చూశారు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు.

"అయితే అమ్మాయిని నేను..." అన్నారు.

బేరాల వేళలో కొట్టు వదిలిపెట్టి ఎరగని మనిషి, చెప్పులు వేసుకుని ఇంటికొచ్చేశారు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు. మీ అమ్మ తోటకూర తరుగుతోంది.

"అమ్మాయ్, తిన్నది నేనేనమ్మా. బయటే తిన్నాను. తిన్నట్టు నాకే తెలీలేదు," అని అంతా చెప్పారు.

హాల్లోంచి వదిన అందుకుంది. "ఊరుకోరా! మర్యాదకి ముక్క కొరికితే కొవ్వు పట్టుద్దా? నాన్న తిన్లేదా, తాత తిన్లేదా?"

"నువ్వాగక్కా," అన్నారు మీ తాతయ్య. పుట్టి బుద్ధెరిగాక అక్కని ఆగమనడం అదే మొదలు.

మీ అమ్మ కత్తిపీట మీద నుంచి కళ్ళెత్తలేదు.

"నాతో చెప్పడమెందుకు మావయ్యగారూ? నేనేమీ కలపలేదని నాకు తెలుసుగా. తెలియనివాళ్ళతో చెప్పండి."

ఆయన వంట నేనే చేస్తూ వచ్చాను. ఆ సాయంత్రమే బిళ్ళలు కొనుక్కొచ్చుకుని నా ముందే వేసుకున్నారు. కొట్లో బజ్జీల ప్లేటు పోయి జామకాయ ముక్కలు, ఉడకేసిన శనగలు, కీరా ముక్కలు వచ్చాయి. తోడు ముక్క మానలేదు, ప్లేట్లో సరుకు మార్చారంతే. దాంతో ఇంకో అనుమానం. బాలశౌరి మళ్ళీ వచ్చినప్పుడు జామముక్క వంక, మీ తాతయ్య వంక మార్చి మార్చి చూసి, గొంతు తగ్గించి అడిగాడట. "రావుగారూ, మన మధ్యన దాపరికమేంటి గానీ, కొట్టేమన్నా ఎత్తేస్తున్నారా?" రెండు వారాలు వన్‌టౌనంతా మనం దివాలా తీశామనే అనుకుంది.

ఆ తర్వాత వదిన కొడుకు గృహప్రవేశానికి ఉయ్యూరు వెళ్ళాం. మీ అమ్మ రానంది. నేనే బతిమాలి తీసుకెళ్ళాను. అక్కడ దానివంక చూసే చూపులు, నేను పక్కన కూర్చోగానే ఆగిపోయే గుసగుసలు. ఒకామె అయితే మీ అమ్మ ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు తాగకుండా గోడ పక్కన పెట్టేసింది. మీ అమ్మ అది చూసి మొహం తిప్పుకుంది.

భోజనాలకి బంతి వేశారు. మగవాళ్ళు ఒక వరుస, ఎదురుగా ఆడవాళ్ళం. అరిటాకుల్లో గారెలు, బొబ్బట్లు, వాటి మీద నెయ్యి. వదిన మొగుడు వెంకటసుబ్బారావు గారు వడ్డన చూస్తూ మీ తాతయ్య దగ్గర ఆగారు. బావామరుదుల ఎకసెక్కం, అందరికీ వినపడేలాగే అన్నారు.

"ఏం బామ్మర్దీ, ఇంట్లో మీ కోడలు చాటుగా నెయ్యి పట్టిస్తందంటగా? అదృష్టవంతుడివయ్యా, మాకెవరూ పట్టించరే!"

బంతి బంతంతా గొల్లుమంది. మీ అమ్మ ఆకు మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

మీ తాతయ్య లేచి నిలబడ్డారు. బంతిలో సగంలో లేస్తే మళ్ళీ ఆ ఆకు ముందు కూర్చోకూడదు, నీకు తెలుసుగా. ఇంకా మొదటి ముద్ద కూడా కలపలేదాయన. నవ్వులు ఆగిపోయాయి.

"బావా, నెయ్యి కోడలు పొయ్యలేదు. నేను తిన్నాను. కొట్లో బేరగాళ్ళతో కూర్చుని బజ్జీలు తిన్నాను, కాజాలు తిన్నాను, తిన్లేదని అమ్మవారి మీద ఒట్టేశాను. ఆ పిల్ల నా కోసం ఇల్లంతటికీ చప్పిడి కూడు పెట్టి, తనూ అదే తింది. నేను నూనె సీసాకి దారం కట్టి దాన్ని దొంగని చేశాను. మా అక్క మీకందరికీ ఫోను చేసి చెప్పింది గదా. ఇప్పుడు నేను చెబుతున్నాను, మీరందరూ కూడా చెప్పుకోండి."

వదిన నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. కాసేపటికి, గ్లాసు పక్కన పెట్టిందే, ఆవిడే లేచి వచ్చి మీ అమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుని, "కాసిని మంచినీళ్ళు పొయ్యమ్మా," అంది. మీ అమ్మ పోసింది.

మీ తాతయ్య పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. ఇల్లు చేరగానే మీ అమ్మ చీరయినా మార్చుకోకుండా వంటింట్లోకి వెళ్ళింది. జొన్నరొట్టె, మునగాకు పప్పు పళ్ళెంలో పెట్టి తెచ్చి ఆయన ముందు పెట్టింది. పెట్టి, అక్కడే నిలబడింది.

"వాసన చూసుకోండి మావయ్యగారూ," అంది.

ఆయన తల వంచుకుని తిన్నారు. రొట్టె మీద రెండు చుక్కలు పడ్డాయి. ఈసారి ఆయన పప్పు ఎలా ఉందో చెప్పలేదు, మీ అమ్మా అడగలేదు.

తర్వాత పరీక్షలో బాగా తగ్గింది. మెంతినీళ్ళ వల్లే అని మీ తాతయ్య, బిళ్ళ వల్లే అని మీ నాన్న ఇప్పటికీ వాదించుకుంటారు. డాక్టరమ్మని అడిగితే, "తిండి, నడక, బిళ్ళ, మూడూ కలిసి పనిచేస్తున్నాయి. ఏదో ఒకటి మానేసి చూద్దామని మాత్రం చూడకండి," అంది.

ఇదేనే అపూర్వా సంగతి. మీ హాస్టల్లో మీ స్నేహితురాళ్ళున్నారు గదా, వాళ్ళ ఇళ్ళల్లోనూ ఇలాంటి కాగితాలు వచ్చే ఉంటాయి. వాళ్ళకి చెప్పు. రేపు నీ పిల్లలకీ చెప్పు. మెంతులూ అవిసెలూ మర్చిపోయినా ఫరవాలేదు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. మీ తాతయ్య బజ్జీల దగ్గర మొదలెట్టి నవ్వించినా సరే. కానీ చెప్పిన ప్రతిసారీ, మీ అమ్మ ఆ గిన్నెలో ఏమీ కలపలేదన్న మాట మాత్రం గట్టిగా, పేరు పెట్టి చెప్పు. ఉయ్యూరులో ఆ బంతికి రానివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు.